నెలలు నిండని బిడ్డ, పాలడబ్బాలో నూనెచుక్క: ఒక పోషణ చరిత్ర

కాంటాక్టు తరగతుల్లో విద్యార్థులు సాధారణంగా నన్ను కాకతీయుల చెరువుల గురించో, నిజాం కాలపు భూమిశిస్తు గురించో అడుగుతారు. కొన్నాళ్ళ కిందట ఒక ఆదివారం, తరగతి అయిపోయాక, ఒకతను వెనక బెంచీ నుండి లేచి వచ్చి, సంచీలోంచి ఒక పాలడబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. అతను షామీర్‌పేట మండలంలోని లాల్‌గడి మలక్‌పేట్ నుండి వచ్చేవాడు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న మలక్‌పేట వేరు, ఇది వేరు. కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారికి దగ్గరలో, జీనోమ్ వ్యాలీ అని పేరుపడ్డ ప్రాంతంలో ఉన్న ఊరు. అతను అక్కడి ఒక ప్రయోగశాలలో సహాయకుడుగా పనిచేస్తూ మన బి.ఏ. చదువుతున్నాడు. భార్యకు 32 వారాలకే కాన్పు అయింది. బిడ్డ బరువు 1,400 గ్రాములు.

"సార్, రెండు రకాల డబ్బాలున్నయ్. ఒకదాని మీద డి.హెచ్.ఏ., ఏ.ఆర్.ఏ. అని రాసుంది. అది ఎక్కువ రేటు. మెదడుకు మంచిదంటున్నరు. అప్పు చేసైనా కొనాల్నా, వద్దా? చరిత్రల దీనికి జవాబుంటదా?"

ఉంటుందన్నాను. కాని ఆ రోజు పూర్తిగా చెప్పలేకపోయాను. ఆరోజు చెప్పలేనిదే ఈ పాఠం. నేను వైద్యుణ్ణి కాను. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఏం పట్టాలో చెప్పవలసింది ఆ బిడ్డను చూస్తున్న డాక్టరు. చరిత్ర విద్యార్థిగా మీరు చేయగలిగింది వేరే ఉంది. డబ్బా మీద రాసిన ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు పరీక్షించారు, ఎంతవరకు నిలిచింది అని అడగడం. ఒక శాసనాన్ని ఎలా పరీక్షిస్తామో డబ్బా మీది అక్షరాలనూ అలాగే పరీక్షించవచ్చు.

కడుపులో చివరి మూడు నెలలు

ముందుగా కొంత శరీరశాస్త్రం. కంగారు పడకండి, ఒక పేజీ మాత్రమే.

నూనె, నెయ్యి, వెన్న అన్నీ కొవ్వులే. కొవ్వులు కొవ్వు ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో చాలావాటిని మన శరీరం తానే తయారుచేసుకుంటుంది. రెండింటిని మాత్రం తయారుచేసుకోలేదు, తిండి నుండే రావాలి. ఒకటి లినోలెయిక్ ఆమ్లం. కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లో చాలా ఎక్కువగా, నువ్వులు, పల్లీ నూనెల్లో ఒక మోస్తరుగా ఉంటుంది. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. అవిసె గింజల్లో బాగా, ఆవాలు, సోయా నూనెల్లో కొంత, ఆకుకూరల్లో కొద్దిగా ఉంటుంది. పల్లీ, నువ్వు, కుసుమ నూనెల్లో దాదాపు ఉండదు. మొదటిదాని నుండి శరీరం అరాకిడోనిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. డబ్బా మీది ఏ.ఆర్.ఏ. ఇదే. రెండోదాని నుండి డోకోసహెక్సయినోయిక్ ఆమ్లం వస్తుంది. పేరు పలకడానికి నాకూ కష్టమే, అందుకే లోకమంతా డి.హెచ్.ఏ. అంటుంది. మెదడు కణాల పొరల్లోనూ, కంటి వెనకనున్న రెటీనాలోనూ ఇది పేరుకుంటుంది. చేపల్లో సిద్ధంగా దొరుకుతుంది.

ఇక అసలు విషయం. కడుపులోని బిడ్డకు కొవ్వు పట్టేది ప్రధానంగా చివరి మూడు నెలల్లో. నెలలు నిండి పుట్టిన బిడ్డ బరువులో సుమారు ఏడో వంతు కొవ్వు ఉంటే, ఒక కిలో బరువుతో పుట్టిన బిడ్డలో వందకు ఒకటి రెండు పాళ్ళు మాత్రమే ఉంటుంది. మన పెద్దవాళ్ళు అలాంటి బిడ్డను చూసి "తోలు ఎముకలు తప్ప ఏమీ లేదు" అనేది అతిశయోక్తి కాదు. ఆ చివరి నెలల్లోనే తల్లి మాయ ద్వారా బిడ్డకు డి.హెచ్.ఏ. కూడా చేరుతుంది. రోజుకు, బిడ్డ బరువులో ప్రతి కిలోకూ, సుమారు 40 నుండి 60 మిల్లీగ్రాములని శాస్త్రజ్ఞుల అంచనా.

మన విద్యార్థి బిడ్డనే తీసుకొని లెక్క వేద్దాం. 1.4 కిలోలకు 56 నుండి 84 మిల్లీగ్రాములు. ఆ బిడ్డ కిలోకు 160 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు సుమారు 225 మిల్లీలీటర్ల తల్లిపాలు తాగితే, అందులో కొవ్వు 8 గ్రాముల దాకా ఉంటుంది. తల్లిపాల కొవ్వులో డి.హెచ్.ఏ. ప్రపంచ సగటు 0.3 శాతం. అంటే 24 మిల్లీగ్రాములు. తల్లి చేపలు తినని ఇంటిదైతే ఇంకా తక్కువ. మాయ ద్వారా అందేదానికీ, పాల ద్వారా అందేదానికీ మధ్య ఈ తేడా ఉంది. డబ్బాల కంపెనీల ప్రచారమంతా నిలబడింది ఈ తేడా మీదే. తేడా నిజమైనదే. దాన్ని పూరిస్తే బిడ్డకు మేలు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయకండి. ఈ పాఠంలో మిగతా కథంతా ఈ రెండింటి మధ్య జరిగిందే.

ఎలుకలు చెప్పిన సంగతి

లాల్‌గడి మలక్‌పేట్ పొరుగున, ఆ జీనోమ్ వ్యాలీలోనే, భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. పరిశోధనల కోసం జంతువులను పెంచే సంస్థ. ప్రయోగశాల ఎలుకలంటే చాలామందికి జాలి, కొందరికి ఏవగింపు. కాని పోషణ శాస్త్ర చరిత్రలో తొలి సాక్షులు ఈ ఎలుకలే.

మన దేశంలో ఈ కథ నీలగిరుల్లోని కూనూరులో మొదలైంది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించాడు. తరువాత ఎలుకలను గుంపులుగా విడదీసి దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజలు తినే తిండి పెట్టి చూశాడు. పంజాబు సిక్కుల తిండి, అంటే గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలిష్ఠంగా పెరిగాయి. మద్రాసు రాష్ట్రంలోని పేదల అన్నం తిన్నవి వెనకబడ్డాయి. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆ గది క్రమంగా 1928 నాటికి న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. దీని గురించి మళ్ళీ చెప్తాను.

అప్పటిదాకా కొవ్వును శాస్త్రజ్ఞులు శక్తినిచ్చే ఇంధనంగానే చూశారు. అది లేకపోతే పిండిపదార్థం సరిపోతుందనుకున్నారు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు ఏమాత్రం లేని తిండి పెట్టారు. విటమిన్లన్నీ విడిగా ఇచ్చారు. అయినా ఎలుకల తోకలు పొలుసులు కట్టాయి, చర్మం పగిలింది, పెరుగుదల ఆగింది, మూత్రపిండాలు చెడ్డాయి. కొద్ది చుక్కల లినోలెయిక్ ఆమ్లం ఇచ్చేసరికి కోలుకున్నాయి. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అనే మాట అక్కడినుండి వచ్చింది. మొదట చాలామంది నమ్మలేదు.

మనుషులకూ ఇది వర్తిస్తుందా? అదే ప్రయోగశాలలోని విలియం బ్రౌన్ తానే ఆరు నెలలు కొవ్వు లేని తిండి తిన్నాడు. 1938లో ప్రచురించిన ఫలితం చూస్తే నవ్వొస్తుంది. ఆయనకు ఏమీ కాలేదు, పైగా ఎన్నాళ్ళుగానో బాధిస్తున్న తలనొప్పి పోయింది! కాబట్టి మనుషులకు అవసరం లేదని కొందరు తేల్చేశారు. ఎక్కడ పొరపడ్డారో మీరే ఆలోచించండి. ఎదిగిన మనిషి ఒంట్లో సంవత్సరాలకు సరిపడా నిల్వ ఉంటుంది. పరీక్షించవలసింది నిల్వ లేనివాళ్ళను. నిల్వ లేనివాళ్ళు అంటే పసిపిల్లలు.

ఆ పరీక్ష జరిగింది. ఆరిల్డ్ హాన్సెన్, ఆయన సహచరులు అమెరికాలోని టెక్సాస్‌లో 428 మంది శిశువులకు లినోలెయిక్ ఆమ్లం వేర్వేరు పాళ్ళలో ఉన్న ఐదు రకాల పాలమిశ్రమాలు పట్టి 1963లో ఫలితాలు ప్రచురించారు. వెన్న తీసిన పాలతో చేసిన మిశ్రమం తాగిన పిల్లల చర్మం ఎండిపోయి, పొలుసులుగా ఊడింది. లినోలెయిక్ ఆమ్లం కలపగానే మానింది. ఈ అధ్యయనాన్ని పాఠ్యపుస్తకాలు గొప్పగా చెప్తాయి. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా మనసు స్థిమితంగా ఉండదు. ఎలుకల్లో జబ్బు తెస్తుందని తెలిసిన లోపాన్ని పసిపిల్లల తిండిలో ఉంచి చూశారు. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ దీన్ని అనుమతించదు. అయినా ఈనాడు ప్రతి పాలడబ్బాలోనూ లినోలెయిక్ ఆమ్లం ఇంత ఉండాలని నియమం ఉన్నదంటే దానికి మూలాల్లో ఆ పిల్లలున్నారు. చరిత్రలో ఇలాంటి అప్పులు చాలా ఉన్నాయి.

గేదెపాల దేశంలో డబ్బాపాలు

1950లలో మన దేశానికి పాలడబ్బాలు ఎక్కువగా విదేశాల నుండి వచ్చేవి. విదేశీ మారకం కరువైన రోజులు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదెపాల నుండి శిశువులకు సరిపోయే పొడి తయారుచేసే పద్ధతిని కనిపెట్టింది. గేదెపాలు పసిపిల్లలకు పనికిరావని విదేశీ నిపుణులు అన్న కాలమది. గుజరాత్‌లోని ఆనంద్ సహకార సంఘం ఆ పద్ధతితో అమూల్ బేబీ ఫుడ్ తెచ్చింది. దేశ స్వావలంబన చరిత్రలో ఇది మంచి ఘట్టం, దాన్ని తక్కువ చేయను. కాని గేదెపాల కొవ్వులో లినోలెయిక్ ఆమ్లం చాలా కొద్ది, డి.హెచ్.ఏ. లేనట్లే. పాలకొవ్వు కొంత తీసి వంటనూనెలు కలిపి తల్లిపాల కొవ్వుకు దగ్గరగా తెచ్చే పద్ధతి ప్రపంచమంతటా క్రమంగా స్థిరపడింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పొద్దుతిరుగుడు, సోయా, కొబ్బరి, పామ్ నూనెల పేర్లు మీరు చూసి ఉంటారు. నూనె ఎందుకు కలిపారని మా ఇంటికొచ్చిన ఒక పెద్దావిడ కల్తీ అనుకొని కంగారుపడింది. అది కల్తీ కాదు, ఇందాక చెప్పిన చరిత్ర ఫలితం.

ఇక్కడ కుసుమ నూనె గురించి ఒక మాట చెప్పాలి. తాండూరు, జహీరాబాదు వైపు వాళ్ళకు కుసుమ పంట బాగా తెలుసు. గుండెకు మంచిదని ఒకప్పుడు నగరాల్లో ఆ నూనెకు ఎంతో పేరు. దాంట్లో లినోలెయిక్ ఆమ్లం మెండు. ఆల్ఫా లినోలెనిక్ మాత్రం దాదాపు సున్నా. 1982లో అమెరికాలో రాల్ఫ్ హోల్మన్ బృందం ఒక ఆరేళ్ళ పాప కథ ప్రచురించింది. తుపాకి గుండు తగిలి పేగులో చాలాభాగం తీసేయవలసి వచ్చిన ఆ పాపకు నరం ద్వారానే ఆహారం ఎక్కించేవారు. అందులోని కొవ్వు కుసుమ నూనె. ఐదు నెలలయ్యేసరికి పాపకు తిమ్మిర్లు, నడవలేకపోవడం, కాళ్ళ నొప్పులు, చూపు మసకబారడం మొదలైంది. కుసుమ నూనె తీసి సోయా నూనె పెట్టగానే ఆ లక్షణాలు పోయాయి. రెండో కొవ్వు ఆమ్లం కూడా మనిషికి తప్పనిసరి కావచ్చునని, అది లేకపోతే దెబ్బ నరాలకూ కంటికీ తగులుతుందని గట్టిగా చెప్పిన ఉదాహరణ ఇది. ఒకే ఒక్క రోగి సాక్ష్యం. బలమైనదే, అయినా ఒక్కటే.

ఇక తార్నాకకు వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ అంటే మీకు సి. గోపాలన్, హైదరాబాద్ మిక్స్, విటమిన్ ఏ చుక్కలు గుర్తొస్తాయి. అక్కడే డాక్టర్ గఫూరున్నీసా దశాబ్దాలపాటు భారతీయుల ఆహారంలోని కొవ్వుల మీద పనిచేశారు. సీసాలోంచి పోసుకునే నూనెనే కాక బియ్యం, పప్పులు, కూరల్లో కనిపించకుండా ఉండే కొవ్వును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆమె చూపించారు. మన తిండిలో లినోలెయిక్ ఆమ్లానికి కొరత లేదు, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం తక్కువ, రెండింటి నిష్పత్తి సరిగా లేదు. ఒకే నూనెకు అంటిపెట్టుకోక మార్చి మార్చి, కలిపి వాడుకొమ్మన్న సలహా వెనక ఈ పరిశోధన ఉంది. ఇది పెద్దవాళ్ళ వంటగది సంగతి అనిపించవచ్చు. కాని గర్భిణి తిన్నదే మాయకు, బాలింత తిన్నదే పాలకు. పల్లీనూనె తాలింపు, పప్పుచారు, అన్నం తినే తల్లి పాలలో డి.హెచ్.ఏ. ఎందుకు తక్కువగా ఉండవచ్చో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: విలియం బ్రౌన్ ప్రయోగం నుండి "మనుషులకు ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అక్కరలేదు" అనే నిర్ధారణకు రావడంలో లోపమేమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

చేప నూనె నుండి నాచు నూనె దాకా

1970ల నుండి లండన్‌లో మైకేల్ క్రాఫర్డ్ వంటివారు మెదడు నిర్మాణంలో డి.హెచ్.ఏ. పాత్ర గురించి రాస్తూ వచ్చారు. అదే కాలంలో అద్దాల పెట్టెలు, శ్వాస యంత్రాలు మెరుగుపడి, పూర్వం బతకని పిల్లలు బతకసాగారు. బతికిన పిల్లల చూపు, తెలివి ఎలా ఉంటాయన్న చింత అప్పుడు మొదలైంది. 1990 ప్రాంతంలో అమెరికాలో రికార్డో ఉవాయ్, సూజన్ కార్ల్‌సన్ వేర్వేరుగా నెలలు నిండని పిల్లల డబ్బాపాలలో చేపనూనె కలిపి చూశారు. రెటీనా స్పందన, చూపు పదును కొంత మెరుగ్గా కనిపించాయి. శాస్త్రలోకం సంబరపడింది.

అంతలోనే ఒక ఎదురుదెబ్బ తగిలింది. కార్ల్‌సన్ పరిశోధనలోనే చేపనూనె తాగిన పిల్లల పెరుగుదల మందగించినట్లు తేలింది. చేపనూనెలోని మరో ఆమ్లం వల్ల రక్తంలో అరాకిడోనిక్ ఆమ్లం తగ్గడం దానికి కారణమని భావించారు. ఒకటి పెంచబోతే ఇంకొకటి తరిగింది. అందుకే తరువాతి మిశ్రమాల్లో రెండింటినీ కలపసాగారు. డబ్బా మీద ఆ రెండు పేర్లూ జంటగా కనిపించడానికి కారణం ఇదే.

రెండింటినీ పెద్ద ఎత్తున తయారుచేసింది మార్టెక్ అనే అమెరికన్ కంపెనీ. దాని పుట్టుక విచిత్రమైనది. అంతరిక్ష యాత్రల కోసం నాచు మొక్కల మీద జరిగిన పరిశోధనల్లో పనిచేసినవాళ్ళు 1985లో బయటికి వచ్చి దాన్ని స్థాపించారు. ఒకరకం సముద్రపు నాచు నుండి డి.హెచ్.ఏ., మట్టిలో పెరిగే ఒక బూజు నుండి ఏ.ఆర్.ఏ. తీశారు. పెద్ద పెద్ద తొట్టెల్లో పులియబెట్టి తీసే నూనెలివి. చేప వాసన లేదు, శాకాహారులకు అభ్యంతరం లేదు. 2001లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వీటి వాడకానికి అభ్యంతరం చెప్పలేదు. 2002లో అక్కడి దుకాణాల్లో ఈ డబ్బాలు వచ్చాయి. అభ్యంతరం లేదు అంటే హాని కనబడలేదని అర్థం, మేలు రుజువైందని కాదు. ఈ రెంటికీ తేడా చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. కొద్ది ఏళ్ళలోనే అక్కడ ఈ నూనెలు లేని డబ్బా దొరకడం అరుదైంది. 2020 ఫిబ్రవరి నుండి యూరోపియన్ యూనియన్ శిశువుల డబ్బాపాలన్నిటిలో డి.హెచ్.ఏ. తప్పనిసరి చేసింది. ఏ.ఆర్.ఏ. మాత్రం తప్పనిసరి చేయలేదు. అది సరికాదని పలువురు పోషణ శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలిపారు.

పరీక్షలు ఏం చెప్పాయి? ఇక్కడ కాస్త నిలిచి చదవండి, ఎందుకంటే మన విద్యార్థి ప్రశ్నకు జవాబు ఉంటే ఇక్కడే ఉండాలి.

ఆస్ట్రేలియాలో మరియా మాక్రిడెస్ బృందం 33 వారాల లోపు పుట్టిన 657 మంది పిల్లల్లో సగం మందికి ఎక్కువ డి.హెచ్.ఏ. ఉన్న పాలు ఇచ్చి, 2009లో ఫలితాలు ప్రకటించింది. ఒకటిన్నర ఏట మొత్తం మీద రెండు గుంపులకూ మానసిక వికాసంలో తేడా లేదు. తీవ్రంగా వెనకబడ్డ పిల్లలు మాత్రం ఎక్కువ డి.హెచ్.ఏ. గుంపులో తక్కువ. ఆశ చిగురించింది. అవే పిల్లలను ఏడేళ్ళ వయసులో పరీక్షిస్తే ఏ ప్రయోజనమూ కనబడలేదు. 2016లో 17 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా, డబ్బాపాలలో వీటిని కలపడం వల్ల నెలలు నిండని పిల్లలకు స్పష్టమైన దీర్ఘకాల ప్రయోజనం కనబడలేదని రాసింది.

తరువాత ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. 29 వారాల లోపే పుట్టిన 1,273 మంది పిల్లలు. కిలోకు రోజుకు 60 మిల్లీగ్రాముల డి.హెచ్.ఏ. ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి తగ్గుతుందని ఆశించి చేశారు. 2017లో ఫలితం చూస్తే, డి.హెచ్.ఏ. ఇచ్చినవారిలో ఆ వ్యాధి 49.1 శాతం, ఇవ్వనివారిలో 43.9 శాతం. తగ్గకపోగా పెరిగి ఉండవచ్చు. అంతటితో కథ ముగిసిందనుకున్నారు. 2022లో, అందులోని కొందరు పిల్లలకు ఐదేళ్ళు నిండాక పరీక్షిస్తే, డి.హెచ్.ఏ. తీసుకున్నవారి ఐ.క్యూ. సగటు 95.4, తీసుకోనివారిది 91.9. ఒకే పరీక్షలో, ఒకే పిల్లల గుంపులో, ఊపిరితిత్తుల విషయంలో అనుమానం, తెలివి విషయంలో ఆశ! వీటిలో ఏదో ఒకటి పట్టుకొని రెండోదాన్ని దాచేవాడు మంచి చరిత్రకారుడు కాలేడు. మంచి వ్యాపారి మాత్రం కాగలడు.

స్వీడన్‌లో 28 వారాల లోపు పుట్టిన 209 మందికి డి.హెచ్.ఏ., ఏ.ఆర్.ఏ. రెండూ కలిపి నోటి ద్వారా ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం తీవ్రమైన రెటినోపతి, అంటే నెలలు నిండని పిల్లలకు వచ్చే కంటి జబ్బు, ఇవ్వనివారిలో 33.3 శాతం, ఇచ్చినవారిలో 15.8 శాతం. చిన్న పరీక్షే అయినా తేడా పెద్దది. మీరు గమనించారా? ఈ ఫలితాలన్నిటిలో బలంగా ఉన్నవి చాలా ముందుగా పుట్టిన పిల్లలవి, డాక్టర్లు కొలిచి ఇచ్చిన నూనెవి. దుకాణంలో దొరికే డబ్బావి కావు. 32 వారాల బిడ్డకు, దుకాణం డబ్బాకు వాటిని నేరుగా అంటగట్టడం కుదరదు.

హైదరాబాదులో

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంతర్జాతీయ అంచనా. ప్రపంచంలో ఇలా పుట్టే పిల్లల్లో ఐదో వంతుకు పైగా మన దగ్గరే. అయినా నేను పైన చెప్పిన పెద్ద పరీక్షలు ప్రధానంగా ఆస్ట్రేలియాలో, అమెరికాలో, స్వీడన్‌లో జరిగాయి. ఆ తల్లుల తిండి వేరు, ఆ ఆసుపత్రులు వేరు. అక్కడి ఫలితాలు మన పిల్లలకు ఎంతవరకు సరిపోతాయన్నది న్యాయమైన ప్రశ్న.

నగరంలో ఈ పిల్లల చరిత్రకు పాత చిరునామా రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి. నిజాం కోడలు నీలోఫర్ తన పరిచారిక కాన్పులో చనిపోయిందన్న బాధతో పూనుకోగా ఏర్పడి 1953 నుండి పనిచేస్తున్నది. రాష్ట్రం నలుమూలల నుండి చిన్నపిల్లలను ఎత్తుకొని తల్లిదండ్రులు వచ్చేది అక్కడికే. పిల్లలు బతకడం పెరిగాక, కంటి జబ్బు బయటపడింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలీ 1990ల చివర జంటనగరాల ఆసుపత్రులకు వెళ్ళి, అక్కడి నవజాత శిశువుల కళ్ళను పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టారు. పుట్టిన 30 రోజుల లోపు ఒకసారి పరీక్ష జరిగితే, అవసరమైనవారికి లేజర్ చికిత్సతో చూపు నిలపవచ్చు. నూనె చుక్క గురించిన వివాదం ఎటు తేలినా, ఈ పరీక్ష విషయంలో వివాదం లేదు.

2017లో నీలోఫర్‌లో ధాత్రి తల్లిపాల నిధి మొదలైంది. ఇలాంటి నిధి ఆసియాలోనే మొదటిది 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో ఏర్పడింది. తల్లులు ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, గడ్డకట్టించి నిల్వ చేస్తారు. డబ్బాపాలతో పోలిస్తే దాతల పాలతో నెలలు నిండని పిల్లల్లో పేగు కుళ్ళే ప్రమాదకరమైన జబ్బు తక్కువ. కాని ఆ వేడికి పాలలోని కొవ్వును జీర్ణం చేసే ఒక ఎంజైమ్ నశిస్తుంది. గొట్టం ద్వారా పట్టేటప్పుడు కొంత కొవ్వు గొట్టానికే అంటుకుంటుంది. తల్లి రొమ్ము నుండి నేరుగా తాగిన పాలకు ఈ రెండు నష్టాలూ లేవు. పాత పాలు కన్నా తాజా పాలు, దాత పాలు కన్నా కన్నతల్లి పాలు అని నర్సులు పట్టుబట్టడానికి కారణాల్లో ఇదీ ఒకటి.

మన చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై నియమావళి చేసింది. మన పార్లమెంటు 1992లో దాన్ని చట్టంగా చేసి, 1993 ఆగస్టు 1 నుండి అమలుచేసింది. 2003లో ఇంకా బిగించింది. శిశువుల డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ గాని బిడ్డ బొమ్మ గాని ఉండకూడదు. డాక్టర్లకు బహుమతులివ్వకూడదు. బొమ్మ వేయడం నిషిద్ధమైనప్పుడు అమ్మకానికి మిగిలేవి అక్షరాలే. డి.హెచ్.ఏ. అనే మూడు అక్షరాలకు అంత బరువు రావడంలో దీని పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం. అంగీకరించడం, అంగీకరించకపోవడం మీ ఇష్టం.

ఇక మన విద్యార్థి. తరువాతి వారం అతనికి ఇదంతా ఇంత వరసగా కాకపోయినా చెప్పాను. "అప్పు చేసి కొనకపోతే బిడ్డ మెదడు పాడవుతుందని ఎవరైనా అంటే, అంత గట్టిగా చెప్పే ఆధారం ఈ రోజుకు లేదు నాయనా. పనికిమాలినదని కూడా నేను అనను. మీ డాక్టరును మూడు అడుగు. తల్లిపాలు పెరగడానికి ఏం చేయాలి? అవి చాలకపోతే దాతపాలు దొరుకుతాయా? కంటి పరీక్ష ఏ తారీఖున?" అన్నాను. అతను అవి నోట్సు పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాడు. భార్య పాలు పిండి ఇవ్వడం, బిడ్డను రోజూ గంటల తరబడి గుండెకు హత్తుకొని ఉంచడం మొదలుపెట్టింది. డాక్టరు కొన్నాళ్ళు డబ్బాపాలు కూడా రాశారు. మామూలు రకమే. ఇరవై ఎనిమిదో రోజున కంటి పరీక్ష జరిగింది. చికిత్స అక్కర్లేదన్నారు. వార్షిక పరీక్షల నాడు హాలు బయట ఆ కార్డు చూపించి, "సార్, ఇప్పుడు రెండు కిలోల ఆరొందలు" అని లోపలికి పరిగెత్తాడు. గంట కొట్టేశారు మరి.

అసైన్‌మెంటు: మీ ఇంట్లోగాని, వీధిలోగాని నెలలు నిండకుండా బిడ్డను కన్న ఒక పెద్దావిడతో, ఇటీవల కన్న ఒక తల్లితో మాట్లాడండి. ఏ సంవత్సరం, ఎక్కడ కాన్పు, బిడ్డకు మొదటి నెల ఏం పట్టారు, ఇంట్లో ఏ నూనె వాడేవారు, ఎవరి సలహా విన్నారు అని అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. పేర్లు రాయకండి. రెండు కథనాల మధ్య మారిందేమిటో, మారనిదేమిటో రెండు పేజీల్లో రాసి స్టడీ సెంటర్‌లో ఇవ్వండి.